కోళ్లను ఎత్తుకుపోయింది ఎవరు? ముందు బూడిద చల్లి చూడండి



పైన వీడియోలో మా కోళ్ల గూడు లోపల, బయట రెండు వైపులా చూపించాను. వీడియోలో చెప్పడానికి టైం సరిపోని కొలతలు, జాలి సైజులు, నేను చేసిన తప్పులు ఇక్కడ రాస్తున్నా. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పెరట్లో కోళ్లు పెంచేవాళ్లు ఎవరు కలిసినా కొక్కెర తెగులు తర్వాత చెప్పే బాధ ఇదే. "నలభై పిల్లలు లేస్తే పది కూడా మిగల్లేదన్నా" అంటారు. తెగులుకు టీకా ఉంది, వేయించుకుంటున్నాం. ఎత్తుకుపోయేవాటికి టీకా లేదు కదా. దానికి గూడే టీకా.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తా.

మూడేళ్ల కింద, ఉగాదికి ముందు, వేరుశనగ పీకేసిన వారం అది. పొద్దున్నే గూడు తలుపు తీస్తే పదిహేడు కోళ్లు చచ్చి పడి ఉన్నాయి. మొత్తం ఉన్నవి నలభై రెండు. తిన్నది రెండింటినే. మిగతా వాటిని మెడ దగ్గర కొరికి వదిలేసింది. చచ్చినవాటిలో పదకొండు గుడ్లు పెట్టే గ్రామప్రియ పెట్టలు. పిల్లల నుంచి సాకి, ఆరు నెలలు మేత పెట్టి, ఇప్పుడిప్పుడే గుడ్ల మీద డబ్బు చూస్తున్న టైం అది. నా దగ్గర వారం వారం గుడ్లు తీసుకునే ఇళ్లలో సగం మందికి "ఈ నెల లేవమ్మా" అని ఫోన్ చేసి చెప్పాల్సి వచ్చింది.

ఊళ్లో అందరి నోటా ఒకటే మాట, ముంగిస. మా చేను గట్టు మీద ఒక ముంగిసల జంట తిరుగుతుంది, దారిన పోయేవాళ్లు అందరూ రోజూ చూస్తారు. కాబట్టి వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. పక్క చేను పెద్దాయన వచ్చి చూసి, "అరె బిడ్డా, కోడి పేగులల్ల నాలుగు గుళికలు కలిపి గట్టు మీద పెట్టు. తెల్లారేసరికి పీడ పోతది" అన్నాడు. తన కొట్టంలో నుంచి డబ్బా కూడా తెచ్చిచ్చాడు. ఫోరేట్ గుళికలు. కేంద్ర ప్రభుత్వం 2018లో 18 పురుగుమందుల మీద నిషేధం ఇచ్చినప్పుడు అందులో ఇదీ ఉంది. 2020 డిసెంబర్ 31 తర్వాత అమ్మకూడదు, వాడకూడదు. అయినా పాత డబ్బాలు ఇంకా కొట్టాలలో మూల మూలన ఉన్నాయి.

నిజం రాస్తున్నా, ఆ డబ్బా నేను తీసుకున్నా. సాయంత్రం పేగులు గిన్నెలో పెట్టుకుని కూర్చున్నా కూడా. పదిహేడు కోళ్లు పోయినోడి కడుపు మంట అట్లుంటది. మా ఇంటామె చూసి అడిగింది, "మందు కొట్టని చేను గుడ్లని చెప్పి అమ్ముతున్నం. గూటి పక్కనే గుళికలు పెడ్తవా?" అని. నా దగ్గర జవాబు లేదు. ఆ పేగులు కుక్క తింటే కుక్క పోతుంది, కాకి ఎత్తుకుపోయి బాయి దగ్గర పడేస్తే ఇంకేం పోతుందో తెలియదు. నేలలో వానపాములు పెరగాలని ఐదేళ్లుగా జీవామృతం పోస్తున్న చేను అది.

ఆ రాత్రి మిగిలిన కోళ్లను ఇంటి వసారాలో కమ్మేసి, పొయ్యిలో బూడిద జల్లెడ పట్టి గూటి చుట్టూ రెండడుగుల వెడల్పున చల్లా. ఖాళీ గూడే. అయినా వచ్చినది మళ్లీ వస్తుందని మా నాయన అన్నాడు. ఒకచోట తిండి దొరికితే ఏ జంతువైనా వారం రోజులు అక్కడికే తిరుగుతుంది.

రెండో రాత్రి వచ్చింది. బూడిదలో అడుగులు గుండ్రంగా, నాలుగు వేళ్లతో, గోళ్ల గుర్తు లేకుండా ఉన్నాయి. గోడ మీద గీరిన గీతలు. పైన రేకుకు, గోడకు మధ్య గాలి కోసం నేనే వదిలిన నాలుగంగుళాల సందు. ఆ రేకు అంచుకు పచ్చని బూడిద రంగు వెంట్రుకలు తట్టుకుని ఉన్నాయి. అది బావురు పిల్లి. అడవి పిల్లి అని కూడా అంటాం. పొడుగు కాళ్లు, పొట్టి తోక, చెవి కొసన చిన్న కుచ్చు.

ముంగిస అయితే ఐదు వేళ్లు, ముందు గోళ్లు పడాలి. అన్నిటికంటే ముందు, ముంగిస పగలు తిరిగే జీవి, రాత్రి బొరియలో పడుకుంటుంది. మా కోళ్లు పోయింది రాత్రి. ఈ చిన్న లెక్క నాకు రాలేదు, ఊళ్లో ఎవరికీ రాలేదు. అగ్రికల్చర్ డిప్లొమాలో ఎలుకల మీద ఒక పాఠం మొత్తం చదివా, ఎలుకల్ని తినేవాటి మీద రెండు లైన్లు చదివా. అది కూడా పరీక్షకే. పంచతంత్రంలో పసిబిడ్డను కాపాడిన ముంగిసను తొందరపడి చంపేసిన కథ చిన్నప్పుడు అందరం విన్నదే. గుళికలు కలిపి ఉంటే నేనూ అదే పని చేసేవాణ్ణి, పైగా పిల్లి మర్నాడు మళ్లీ వచ్చేది.

రాత్రి పోయిందా, పగలు పోయిందా?

కోడి పోయిందంటే మొదటి ప్రశ్న ఇదే. దీనికి జవాబు చెప్పాలంటే పొద్దుగూకినప్పుడు, పొద్దున తలుపు తీసినప్పుడు రెండు పూటలా లెక్క పెట్టాలి. "నిన్నో మొన్నో పోయినట్టుంది" అంటే ఇక ఏమీ పట్టుకోలేం. మేము గోడ మీద బొగ్గుతో రాస్తాం.

పగలు పిల్ల పోయి, ఒక్క ఈక కూడా దొరక్కపోతే గద్ద లేదా కాకి. పది రోజుల లోపు పిల్లల్ని కాకి కూడా ఎత్తుకుపోతుంది, చాలామంది నమ్మరు. పెరుగుతున్న పిల్లను డేగ అయితే దగ్గర్లోనే పడేసి పీకి తింటుంది, అక్కడ ఈకలు కుప్పగా ఉంటాయి. పగలు పెద్ద పెట్ట మీద పడి, తల మెడ దగ్గర కొరికి, పొదల్లోకి ఈడ్చుకుపోయిన గీత ఉంటే అప్పుడు ముంగిస మీద అనుమానపడొచ్చు. గుడ్లు పగలగొట్టి చెట్టు కింద డొల్లలు పడేసి ఉంటే కోతులు. మన దగ్గర గుడ్లకు ఇప్పుడు పాముల కంటే కోతులతోనే ఎక్కువ నష్టం అని నా అంచనా.

రాత్రి సంగతి వేరు. జాలి చిరిగి, తలుపు వంగి, కోళ్లు అక్కడక్కడ పడి, తినకుండా నలిపి వదిలేస్తే కుక్కలు. ఒక్కటి కాదు, గుంపు. అడుగుల్లో గోళ్లు స్పష్టంగా పడతాయి. నక్క అడుగు కూడా కుక్క లాంటిదే కానీ సన్నగా ఉంటుంది. నక్క ఎక్కువగా ఒక కోడిని నోట కరుచుకుని పోతుంది, చేల్లో దూరంగా ఈకలు దొరుకుతాయి. పైనుంచి, అంటే రేకు సందు, చెట్టు కొమ్మ, ఇంటి కప్పు నుంచి వస్తే బావురు పిల్లి లేదా మానుపిల్లి. మానుపిల్లి తాటి చెట్ల మీద, పాత ఇళ్ల అటకల మీద ఉంటుంది. పగలు అసలు కనపడదు. పిల్లల కాళ్లు కొరికి ఉండటం, గూటి మూలన కొత్త మట్టి తోడి ఉండటం కనిపిస్తే పందికొక్కు. పిల్లలు, గుడ్లు ఏ జాడా లేకుండా రెండు మూడు తగ్గితే పాము. పాము మింగుతుంది తప్ప ఈక రాల్చదు. పెద్ద కోడి చచ్చి పడి ఉండి, తిన్న గుర్తు ఏమీ లేకపోతే నాగుపాము కాటు కూడా కావచ్చు. మింగలేక వదిలేసి పోతుంది.

తల మాత్రమే లేకుండా కోడి జాలికి ఆనుకుని చచ్చి ఉంటే, లోపలికి ఏదీ రాలేదని అర్థం. కోళ్లు భయపడి జాలికి వచ్చి అతుక్కుంటే బయట నుంచి తల లాగేసింది. అంటే జాలి కన్నాలు పెద్దవి, లేదా కూర్చునే కర్ర జాలికి మరీ దగ్గరగా ఉంది.

బూడిద దీనికి బాగా పనికొస్తుంది, ఖర్చు లేదు. వానాకాలం బూడిద నిలవదు, అప్పుడు జల్లెడ పట్టిన వాగు ఇసుక తడిపి చదును చేయండి. అడుగు పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫోటో తీసుకోండి, సైజు తెలుస్తుంది.

ఇంకో మాట. మూలిగే కోడి చీకటి పడినా గూటికి రాదు, బయటే కూర్చుంటుంది, దాన్నే ముందు ఎత్తుకుపోతాయి. వరసగా బయట ఉండిపోయిన కోళ్లే పోతుంటే ముందు వాటి ఆరోగ్యం చూసుకోండి, టీకా వేయించారా లేదా చూసుకోండి.

అమెరికా వీడియోలు చూసేటప్పుడు

కోళ్ల గూడు అని వెతికితే ఇంగ్లీషులో వందల వీడియోలు వస్తాయి. వాటిలో సగం రకూన్ గురించే. అది వాళ్ల దేశం జంతువు, కళ్ల చుట్టూ నల్ల పట్టీ ఉంటుంది, ముందు కాళ్లు మనిషి చేతుల్లాగా వాడుతుంది. గడియ పక్కకు జరిపి తలుపు తీసేస్తుంది. అందుకే వాళ్లు తలుపుకు రెండు రకాల గడియలు పెడతారు. మన దగ్గర రకూన్ లేదు కాబట్టి మూడు వేలు పెట్టి తాళాల సెట్టు కొనాల్సిన పని లేదు. (ఒక మిత్రుడు ఆన్‌లైన్‌లో తెప్పించాడు, పాపం.) కానీ కోతులకూ చేతులు ఉన్నాయి. ఒక గడియ, దానికి అడ్డంగా ఒక ఇనుప పిన్ను, ఇంత చాలు.

వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది జాలి సంగతి. మనం షాపులో "కోళ్ల జాలి" అని అడిగితే ఆరు మూలల కన్నాల పల్చటి తీగ జాలి ఇస్తారు. అది కోడి బయటికి పోకుండా ఆపుతుంది కానీ కుక్క లోపలికి రాకుండా ఆపలేదు. కుక్క పళ్లతో పట్టి లాగితే తెగుతుంది. నా పాత గూటికి ముందు వైపు అదే ఉండేది. అడగాల్సింది అరంగుళం వెల్డ్ మెష్, 19 గేజ్ లేదా ఇంకా మందం. గేజ్ నంబరు తగ్గేకొద్దీ తీగ మందం పెరుగుతుంది, ఇక్కడ చాలామంది తికమక పడతారు. అరంగుళం కన్నంలో ముంగిస మూతి దూరదు, పిల్లి పంజా దూరదు, కోడిపిల్లను మింగగలిగే పాము కూడా దూరదు. మొత్తం అరంగుళం వేయడానికి డబ్బు సరిపోకపోతే కింద మూడడుగుల వరకు, గాలి సందులకు అరంగుళం వేసి, మిగతా పై భాగానికి ఒక అంగుళం వేయండి. దాన్ని మేకులు వంచి కొట్టొద్దు. పట్టీ పెట్టి, వాషరు వేసి స్క్రూ బిగించండి. జాలి ఎంత గట్టిదైనా అంచు లేస్తే అయిపోయింది.

మా గూడు ఇలా కట్టాం

నలభై కోళ్లకు ఎనిమిది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు. ఇది రాత్రి పడుకోవడానికి మాత్రమే, పగలంతా బయటే కాబట్టి సరిపోతుంది. రోజంతా లోపలే పెట్టేవాళ్లు ఈ కొలత తీసుకోవద్దు.

నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తున రాతి కడీలు పాతి, వాటి మీద షాబాద్ బండలు పరిచాం. మన పాలమూరు వైపు కడీలు, బండలు దొరకని ఊరు లేదు, పాతవి అయితే ఇంకా చవక. బండ కింద నుంచి పందికొక్కు తోడలేదు. ఎత్తులో ఉండటం వల్ల కింద చీకటి మూల ఉండదు, టార్చి వేస్తే అవతలి వైపు వరకు కనిపిస్తుంది. బండ మీద మూడంగుళాలు వరి పొట్టు లేదా వేరుశనగ పొట్టు. ఇది నెలకోసారి తీసి కంపోస్టు గుంతలో వేస్తాం. కోళ్లు ఎక్కడానికి ఒక చెక్క నిచ్చెన ఉంటుంది, రాత్రి దాన్ని తీసి పక్కన పెడతాం.

పైన రేకు. గాలి సందు ఇప్పుడు కూడా నాలుగంగుళాలే ఉంది, మూసేయలేదు. మూస్తే ఎండాకాలం మన దగ్గర కోళ్లు ఉడికిపోతాయి. సందు మొత్తానికి జాలి బిగించాం. నాకు పదిహేడు కోళ్లు నేర్పిన పాఠం ఈ ఒక్క జాలి ముక్కే. దాని ఖర్చు మూడు వందలు కూడా కాలేదు.

కూర్చునే కర్రలు బండకు అడుగున్నర ఎత్తులో, జాలికి అడుగు దూరంలో ఉన్నాయి. గుడ్లు పెట్టే గంపలు లోపలే. గుడ్లు సాయంత్రం ఒక్కటి కూడా లోపల ఉంచం. పొదుగుడు పెట్టకు వేరే అర ఉంది, కింద అడుగు ఎత్తు వరకు బండే నిలబెట్టాం. పొదిగే పెట్టను వసారాలో గంప కింద కమ్మి పైన రాయి పెట్టే పద్ధతి మన అమ్మల కాలం నుంచి ఉంది, పిల్లికి అది సరిపోతుంది. పాముకు సరిపోదు, గంప సందులు చాలు దానికి.

పొద్దున కాసేపు వదలడానికి గూటి ముందు జాలి ఆవరణ కూడా ఉంది. దాని కింద నేల మట్టే కాబట్టి తోడే జంతువుల భయం ఉంటుంది. జాలిని నిలువుగా లోతుకు పాతడం కంటే ఇది తేలిక: అడుగున బయటి వైపు అడుగున్నర నుంచి రెండడుగులు జాలిని నేల మీద పడుకోబెట్టి, మట్టి కప్పి, పైన రాళ్లు పెట్టండి. ఏ జంతువైనా గోడ మొదట్లోనే తోడుతుంది, అక్కడ జాలి తగులుతుంది. రెండడుగులు వెనక్కి జరిగి తోడాలన్న ఆలోచన దానికి రాదు.

మొత్తం మాకు పద్నాలుగు వేలు దాటింది, కడీలు మావే. కూలి మేమే. నలభై కోళ్లకు ఇంత ఖర్చా అంటారు. నాకు ఒక్క రాత్రిలో పోయింది అంతకు తక్కువ కాదు.

గూడు ఎంత మంచిదైనా అందులోకి కోళ్లు రావాలి కదా. మన నాటుకోళ్లకు వేప చెట్టు ఎక్కి పడుకునే అలవాటు. కొత్తగా తెచ్చిన కోళ్లను వారం రోజులు పూర్తిగా గూట్లోనే ఉంచి మేత, నీళ్లు అక్కడే పెట్టండి. తర్వాత వదిలినా సాయంత్రం అక్కడికే వస్తాయి. మేము రేకు డబ్బాలో జొన్నలు వేసి గలగలలాడిస్తాం, ఆ చప్పుడుకు కంది చేలో ఉన్నవి కూడా ఉరికొస్తాయి. చీకటి పడ్డాక తలుపు వేద్దాం అనుకోవద్దు. మసక వెలుతురు ఉండగానే వేయాలి, బావురు పిల్లి తిరిగే టైం అదే. పొద్దున కూడా అంతే. నేను ముందు ఐదున్నరకే తలుపు తీసేవాణ్ణి, ఇప్పుడు ఎండ పడ్డాక ఏడుకు తీస్తున్నా.

మేత గిన్నెలు రాత్రి బయట ఉంచకండి. నూకలు చూసి ఎలుకలు వస్తాయి, ఎలుకల కోసం పాము, పిల్లి వస్తాయి, వచ్చాక కోడి కనిపిస్తుంది. చచ్చిన కోడిని, కోసిన కోడి పేగుల్ని గట్టు మీద పడేయడం కూడా ఇలాంటిదే. ఊరకుక్కలకు కోడి రుచి మనమే నేర్పుతున్నాం. రెండు మూడడుగుల లోతు గుంత తీసి సున్నం చల్లి పూడ్చండి.

గూటి చుట్టూ పదడుగులు పొదలు, కట్టెల కుప్పలు, రాళ్ల కుప్పలు లేకుండా చూసుకోండి. వెల్లుల్లి నీళ్లు, కిరోసిన్ చల్లితే పాములు రావంటారు. నేను వెల్లుల్లి చల్లి చూశా, ఆ వారంలోనే కట్టెల కుప్పలో జెర్రిపోతు కనిపించింది. కుప్ప తీసేశాక కనిపించలేదు. ఎర్రగా మెరిసే సోలార్ లైట్లు మొదట్లో పనిచేస్తాయి, తర్వాత జంతువులకు అలవాటైపోతుంది.

పగటి కాపలా

పిల్లలకు మొదటి నాలుగు నుంచి ఆరు వారాలే గండం. అప్పటిదాకా తల్లితో సహా జాలి ఆవరణలో ఉంచి, పైన పాత చేపల వల కప్పండి. పాత చీర అయినా పర్వాలేదు. తర్వాత వదిలినప్పుడు వాటికి తల దాచుకునే చోటు కావాలి. వేరుశనగ చేనులో వదిలితే పైన ఏ నీడా లేదు, గద్దకు పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టే. కంది సాళ్లలో, మునగ తోటలో వదిలితే పైన ఆకు ఉంటుంది, కింద కోడి కంటికి నాలుగు వైపులా కనిపిస్తుంది.

ప్రకృతి సేద్యం చేసే మనకు ఇక్కడ ఒక లాభం ఉంది. కందిలో కాయతొలుచు పురుగు కోసం పక్షులు వాలడానికి కొయ్యలు నాటుతాం కదా, వాటి మీద ఎక్కువగా వాలేది పసులపోలిగాడు, చీలిన తోక నల్లపిట్ట. అది గూడు పెట్టే నెలల్లో తన చుట్టుపక్కలకు గద్ద వచ్చినా కాకి వచ్చినా వెంటపడి ముక్కుతో పొడిచి తరుముతుంది. తన కంటే ఎంత పెద్ద పక్షి అయినా లెక్కచేయదు. మా కోళ్ల ఆవరణ దగ్గర రెండు కొయ్యలు ఎక్కువ నాటాం.

రంగు కూడా చూసుకోండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు వనరాజ, గ్రామప్రియ తయారు చేసినప్పుడు పెరట్లో తిరిగే కోడి కాబట్టి రంగు ఈకలు ఉండేలా చూశారు. తెల్ల కోడి గద్దకు ఆకాశం నుంచే కనిపిస్తుంది. వనరాజ బరువు ఎక్కువ, ఎగరలేదు, కుక్కకు తొందరగా దొరుకుతుంది. అసీల్ పెట్ట పిల్లల తల్లిగా ఉంటే కాకి దగ్గరికి రావాలంటే భయపడుతుంది. నేను గ్రామప్రియ గుడ్లను కూడా అసీల్ పెట్ట కిందే పొదిగిస్తున్నా. గిన్నీ కోళ్లు రెండు ఉంటే కొత్తది ఏది కనిపించినా చెవులు పగిలేలా అరుస్తాయి. మనకూ నిద్ర ఉండదు, అది వేరే విషయం.

చంపితే ఏం పోతుంది?

బావురు పిల్లి ముఖ్యమైన తిండి కోడి కాదు, ఎలుక. రాజస్థాన్‌లోని సరిస్కా అడవిలో చదివినవాళ్లు, ఒక పిల్లి రోజుకు మూడు నుంచి ఐదు ఎలుకలు తింటుందని అంచనా వేశారు. మూడు చొప్పున వేసుకున్నా ఏడాదికి వెయ్యి దాటుతాయి. జూరాల, కల్వకుర్తి, నెట్టెంపాడు కాలువల నీళ్లు వచ్చాక మన దగ్గర వరి పెరిగింది, గట్లల్లో ఎలుకలూ పెరిగాయి. ఎలుకల మందు పెట్టని చేనుకు జీతం లేకుండా పనిచేసే కాపలాదారు ఆ పిల్లి. మా కోళ్ల మీద పడింది కూడా వేరుశనగ పీకి, చేను బోడి అయి, ఎలుకలు చెదిరిపోయిన వారంలోనే. ఇప్పుడు పీకే నెలలో గూడు మరీ జాగ్రత్తగా చూసుకుంటున్నా.

ముంగిసను నేను మరీ దేవుణ్ణి చేయను. 1872లో మన దేశం నుంచే తొమ్మిది ముంగిసల్ని జమైకా దీవికి తీసుకెళ్లి చెరకు తోటల్లో ఎలుకల కోసం వదిలారు. అక్కడి వాటి సంతతిని 1883లో హవాయికి తెచ్చారు. ఎలుక రాత్రి తిరుగుతుంది, ముంగిస పగలు తిరుగుతుంది, రెండింటికీ సరిగ్గా ఎదురుపడలేదు. నేల మీద గూడు పెట్టే పక్షుల గుడ్లన్నీ తిని ఈ రోజుకీ అక్కడ తలనొప్పిగా ఉంది. ఇక్కడ మాత్రం దానికి పాములున్నాయి, దాన్ని తినేవీ ఉన్నాయి, వేల ఏళ్లుగా ఒక లెక్కలో ఉంది. పగలు పిల్లల్ని వల కింద పెట్టుకుంటే దానితో మాకు గొడవ లేదు.

చట్టం కూడా చెప్తా. ముంగిస, బావురు పిల్లి, మానుపిల్లి, నక్క, నాగుపాము అన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నవే. ఉచ్చు పెట్టినా, మందు పెట్టినా కేసు అవుతుంది. గూట్లో పాము కనిపిస్తే గంప కింద చెయ్యి పెట్టొద్దు. టార్చి వేసి దూరంగా ఉండి, అటవీశాఖకో పాములు పట్టేవాళ్లకో ఫోన్ చేయండి.

అచ్చంపేట, అమ్రాబాద్, లింగాల వైపు నల్లమల అంచున ఉన్న మిత్రులకు ప్రత్యేకంగా ఒకటి. మీకు పులుల అభయారణ్యం పక్కనే ఉంది. చిరుత కుక్కల కోసం ఊరి అంచుకు వస్తుంది, దానికి ఈ జాలి ఒక లెక్క కాదు. మీ గూడు ఇంటి గోడకు ఆనుకునే ఉండాలి, చేన్లో ఒంటరిగా వద్దు. ఎక్కడున్నవాళ్లయినా సరే, గూటి చుట్టూ, చేను చుట్టూ కరెంటు తీగ మాత్రం పెట్టొద్దు. అడవి పందులకని పెట్టిన తీగకు తగిలి రైతులే, రైతుల పిల్లలే పోయిన వార్తలు మనం ప్రతి ఏడాదీ చదువుతున్నాం. కావాలంటే ఆగి ఆగి దెబ్బ కొట్టే సోలార్ ఫెన్సింగ్ యంత్రం ఉంది. నేరుగా లైనుకు తగిలించిన తీగ అలా కాదు, పట్టుకుంటే వదలదు.

డబ్బా ఏం చేశావని వీడియో కింద అడిగారు. మూత బిగించి, అలాగే పెద్దాయనకు ఇచ్చేశా. ఆయన మొదట నవ్వాడు, తర్వాత ఆయన కోళ్లు కూడా ఆరు పోయాయి. బూడిద చల్లితే కుక్క అడుగులు పడ్డాయి, ఆయన సొంత కుక్కవే. ఇప్పుడు దాన్ని రాత్రి కట్టేస్తున్నాడు.

మొన్న దసరాకు ముందు మా బూడిదలో మళ్లీ ఆ గుండ్రటి అడుగులు కనిపించాయి. గూటి చుట్టూ రెండు సార్లు తిరిగింది, మేత గిన్నె పెట్టే చోట కాసేపు ఆగింది, అక్కడి నుంచి కంది చేను వైపు పోయింది. తలుపు తీసి లెక్క పెట్టా. ముప్పై ఎనిమిది, రాత్రి గోడ మీద రాసినన్ని.